పెద్దాయన మీద గుంట

పదీ పన్నెండు. మొదటి షాట్ పడింది. ఇక కదలకూడదు. కుర్చీ కాళ్ళకు రబ్బరు తొడుగులున్నా సరే, మనిషి బరువు ఈ పక్కనుంచి ఆ పక్కకు మారితే నేలకు తెలుస్తుంది, నేలకు తెలిసింది రాతిబల్లకు తెలుస్తుంది, రాతిబల్లకు తెలిసింది కెమెరాకు చేరిపోతుంది, ఈ గదిలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. దగ్గొచ్చినా మింగాల్సిందే. బల్ల మధ్యలో మూడు ముళ్ళ పీట మీద పెద్దాయన కూర్చున్నాడు, చారల వెలుగు ఆయన నెత్తి మీద వరసగా జరుగుతోంది. పెద్దాయన అంటే మనిషి కాదు, బంతి. గుండ్రం అంటే ఇలా ఉండాలి అని మా మెషీన్‌కు చూపించే ప్రామాణిక గోళం, నిమ్మకాయంత ఉంటాడు, అద్దంలా నున్నగా. రెండేళ్ళకోసారి సర్టిఫికెట్టు కోసం పై లాబొరేటరీకి వెళ్ళొస్తాడు. ఈసారి నెల్లాళ్ళు కూర్చోబెట్టుకుని ఇవాళ పొద్దున తొమ్మిదింటికి పంపించారు. రాగానే అలవాటు ప్రకారం మెషీన్ కింద పెట్టాను, పెద్దాయన కదా, అంతటా సున్నా రావాలి, నల్లేరు మీద బండి నడక. సున్నా రాలేదు. ఆయన నెత్తిన గుంట. గడియారంలో రెండు అంకె ఉండే చోట, రెండున్నర మైక్రాన్ల లోతు. తల వెంట్రుకను నిలువునా ముప్పై చీలికలు చేయగలిగితే అందులో ఒక చీలికంత. ఓస్, ఇంతేనా అంటారు ఎవరైనా. నాకు మాత్రం ఇంతే కాదు, ఎందుకంటే పదకొండింటికి మా వదినకు తుంటి ఆపరేషన్, ఆవిడ తుంటిలో పెట్టబోయే బంతి ఈ గదిలోంచే, ఈ మెషీన్ కిందనుంచే, నా సంతకంతోనే వెళ్ళింది.

మా మెషీన్ దేన్నీ తాకదు. ఎదురుగా తెర మీద నలుపు తెలుపు చారలు వెలుగుతాయి, మెరిసే బంతిలో ఆ చారలు వంగి కనిపిస్తాయి, రెండు కెమెరాలు ఆ వంకరలు చూసి ఎక్కడ మిట్ట, ఎక్కడ పల్లం అని లెక్కకడతాయి. గోరంతను కొండంత చేసి చూపించడానికి నీకు జీతం కూడానా అని వదిన వెక్కిరింత. చూపించడంలో ఏముంది వదినా, కష్టమంతా అబద్ధాలు ఏరిపారెయ్యడంలో ఉంది. అబద్ధాలు రెండు రకాలు. ఒకటి నాయిజ్, అంటే రొద, పూటకో మాట చెప్పే రకం. ఎవరో నడిచారు, గాలి కదిలింది, దీపం రెపరెపలాడింది, ఒక షాట్‌లో ఉన్న బొడిపె తరవాతి షాట్‌లో ఉండదు. దానికి మందు సగటు. అరవై నాలుగు షాట్లు తీసి కలిపితే రొద ఎనిమిదో వంతుకు దిగుతుంది. రెండో రకం పూటకో మాట చెప్పదు, ఎన్నిసార్లడిగినా తొణక్కుండా అదే అబద్ధం చెబుతుంది, కెమెరా అద్దంలో పుట్టుకతో ఉన్న వంకర అది, దాని ముందు సగటు గిగటు ఏదీ పనిచేయదు. దానికి మందు పెద్దాయన. ఆయన్ని పెట్టి మెషీన్ ఏం చెబుతోందో చూస్తాం, ఆయన మీద లోపం లేదని మనకు తెలుసు కనక కనిపించిన వంకరంతా మెషీన్‌దేనని ఒక ఫైల్లో పెట్టుకుంటాం, దాన్ని రిఫరెన్స్ అంటాం, ఆ తరవాత ఏ బంతిని కొలిచినా అందులోంచి ఆ వంకరను తీసేస్తాం. తీసేయగా మిగిలింది బంతి అసలు రూపం. ఇదంతా వదినకు ఒకసారి చెబితే, అంటే మీ మెషీన్‌కి మెల్లకన్ను, దాని కళ్ళజోడు ఆ పెద్దాయన, అంతేగా, ఇంత రాద్ధాంతం దేనికి అంది. అంతే. అంతకన్నా బాగా నేను ఎవరికీ చెప్పలేకపోయాను.

ఆ పెద్దాయన లేని నెలలోనే కెమెరా మార్చారు, పాత ఫైలు పనికిరాకుండా పోయింది, సరిగ్గా అప్పుడే నలభై తుంటి బంతుల పెట్టె దిగింది. ఏం చేయను? ఆ నలభైలోనే అన్నిటికన్నా నున్నగా కనిపించిన ఒకదాన్ని పెద్దాయన పీట ఎక్కించి కొత్త ఫైలు తీశాను. ఆపద్ధర్మం. తప్పేమీ కాదు, మా పుస్తకాల్లో ఉన్న పద్ధతే, కాకపోతే ఒక షరతు ఉంది, ఆ బంతిని పావు పావు చొప్పున నాలుగు వైపులా తిప్పి కొలవాలి. బంతి మీదున్న మచ్చ బంతితోపాటు తిరుగుతుంది, మెషీన్‌లో ఉన్న వంకర ఉన్నచోటే ఉంటుంది, ఏది ఎవరిదో విడిపోతుంది. తిప్పకపోతే బంతి మచ్చ కూడా మెషీన్ నెత్తిన పడుతుంది. ఆ నలభై బంతులూ ఒకే సాన మీద ఒకే బిగింపులో నునుపు తేరినవి, ఒకదాని మీద గట్టు ఉందంటే నలభైటి మీదా అదే చోట ఉంటుంది. దాన్ని మెషీన్ తప్పనుకుంటే నలభైట్లోనూ తుడిచేస్తాం. నలభై నున్నగా వస్తాయి, నలభై పాసు. దొంగ చేతికి తాళాలిచ్చి ఇల్లు భద్రం అని సంతకం పెట్టడమే. ఇక ఆ గట్టే లేని పెద్దాయన ఇవాళ వచ్చి కూర్చుంటే, ఆయనకు లేని గట్టును మెషీన్ పనిగట్టుకుని తీసేస్తే, అక్కడ గుంట పడుతుంది. రెండున్నర మైక్రాన్ల గుంట.

కానీ నేను తిప్పాను కదా. తిప్పాను. తిప్పే ఉంటాను. పదకొండేళ్ళుగా తిప్పుతున్న చెయ్యి ఆ ఒక్కరోజు ఊరుకుంటుందా? లాగ్‌బుక్ పొద్దున్నే తీసి చూశాను, నా రాతే, రిఫరెన్స్ పూర్తి, 64 షాట్లు అని ఉంది, నాలుగు వైపులా అని లేదు, ఒక వైపే అని కూడా లేదు. వైపుకు అరవై నాలుగని రాసి ఉంటాను. అసలు పెద్దాయనే దారిలో ఎక్కడో దెబ్బ తిన్నాడేమో, పార్సిలు పెట్టెకు ఒక మూల నొక్కు ఉంది, ఉందా లేక ఉండాలని నేను కోరుకుంటున్నానా? అందుకే ఆయన్ని పావు వంతు తిప్పి, నా చేతి వేడి పోయేదాకా ఇరవై నిమిషాలు ఆగి, మళ్ళీ కొలుస్తున్నాను. గుంట ఆయనతోపాటు తిరిగి అయిదు అంకె దగ్గరకొస్తే అది ఆయనది, దెబ్బ ఆయనకే తగిలింది, మేమందరం బతికిపోయాం. రెండు దగ్గరే ఉండిపోతే అది నాది. ఒక్క షాట్ చూసి తేల్చుకోవడానికి లేదు, బయట రోడ్డు తవ్వుతున్నారు, ఒక్కో షాట్‌లో రొదే మూడు మైక్రాన్లు, సంతలో గుసగుస వినబడుతుందా? అరవై నాలుగూ పూర్తయ్యేదాకా ఈ మొండిఘటం బొమ్మ చూపించదు. షాట్‌కు అర నిమిషం, మొత్తం ముప్పై రెండు నిమిషాలు, పదీ నలభై నాలుగుకు తేలిపోతుంది, పదకొండుకు ఇంకా పదహారు నిమిషాలుంటాయి. ఒక ఫోన్ చేయడానికి పదహారు నిమిషాలు బోలెడు.

పద్నాలుగో షాట్. పొద్దున ఏడింటికి వదిన ఫోన్ చేసింది. ఏమ్మా మైక్రానూ, నీ బంతి నా ఒంట్లోకొస్తోంది, ఇన్నాళ్ళూ మాటవరసకి ఆడపడుచువి, ఇవాళ్టినించి కీలుకి కీలు చుట్టానివి, అని ఒకటే నవ్వు. భయంగా ఉన్నప్పుడు ఆవిడకు నవ్వు ఎక్కువ, నాకు తెలుసు, మా అన్నయ్యకు ముప్పై ఏళ్ళయినా తెలియదు. డ్రిల్లు టీచరు ఆవిడ. మా ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అమ్మ పోయి ఏడాది, ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. జాలిపడలేదు ఆవిడ, తలమీద చెయ్యేసి అయ్యో తల్లీ అనలేదు, ఈల ఊదింది. లే, పరిగెత్తు, పరిగెత్తితే పడతావు, పడితే లేస్తావు, కూర్చుంటే ఏమొస్తుంది, నడుం నొప్పొస్తుంది అంది. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట స్కూలు మెట్ల మీంచి పడింది, చీలిన ఎముక అతికింది కానీ లోపల నెత్తురు ఆడక తుంటి తల చచ్చుబడింది, ఎక్స్‌రేలో చూస్తే తడిసిన గోడ పెచ్చులూడినట్టుంది. ఇప్పుడు చేతిలో కర్ర. మీ అన్నయ్య కంటే ఇదే నయమే, పిలిస్తే వస్తుంది అంటుంది. డాక్టరు వేరే కంపెనీ బంతి వేద్దామన్నారు. వద్దన్నది నేను. మా గదిలోంచి వెళ్ళిన పెట్టెలో ఆరు బంతులు మీ ఆసుపత్రికే వస్తున్నాయి, వాటిల్లోది వేయించు, నేను దగ్గరుండి చూశాను, కళ్ళు మూసుకుని వేయించుకో అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆవిడకు నామీద నమ్మకం ఎంతంటే, వంట ఎలా ఉందో చెప్పమంటే మాత్రం నన్ను నమ్మదు, మైక్రాన్ల దగ్గర గుడ్డిగా నమ్ముతుంది.

గట్టు ఉంటే ఏమవుతుంది? ఇవాళ ఏమీ కాదు. రేపూ ఏమీ కాదు, హాయిగా లేచి నడుస్తుంది, కర్ర అటకెక్కిస్తుంది. నడిచిన ప్రతి అడుగుకూ ఆ గట్టు లోపలి ప్లాస్టిక్ గిన్నెను రవ్వంత గీకుతుంది, ఏడాదికి పది లక్షల అడుగులు, ఆవిడైతే ఇరవై, ఆ పొడి చుట్టూ ఉన్న మంచి ఎముకను మెల్లగా తినేస్తుంది. మూడేళ్ళు, మహా అయితే నాలుగేళ్ళు. అప్పుడు మళ్ళీ కోత, ఈసారి బిగించడానికి ఎముక చాలదు. ఇరవై నాలుగు. ఇరవై అయిదు. ఊపిరి మెల్లగా తీసుకో. గడియారం వైపు చూడకు, చూస్తే మాత్రం తొందరగా నడుస్తుందా?

తలుపు మీద టక్‌టక్. వద్దు. వద్దు సార్, తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది, కళ్ళు లేవా? తలుపు తెరుచుకుంది, వరండాలోని వెచ్చటి గాలి నా మెడకు తగిలింది, నాకు తగిలిందంటే పెద్దాయనకూ తగిలింది. మేనేజరు గారు తల లోపలికి పెట్టారు. "ఏమ్మా, పెద్దాయన క్షేమంగా వచ్చాడా?" అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. సార్, నలభై బంతుల రిపోర్టు మీద నాకు అనుమానంగా ఉంది, ఇంతే వాక్యం, గుటక మింగినంతసేపు పట్టదు. "బానే ఉన్నాడు సార్" అన్నాను. "శభాష్. మధ్యాహ్నం ఇంకో యాభై దిగుతున్నాయి, నీ చెయ్యి పడితే కానీ కదలవు" అని తలుపు దభీమని వేసి వెళ్ళారు. స్క్రీను మీద ఎర్రగా హెచ్చరిక, కదలిక ఎక్కువైంది, ఈ సెట్టు చెల్లదు. ఇరవై ఆరు షాట్లు గంగపాలు. మళ్ళీ సున్నా నుంచి. గాలి సర్దుకునేదాకా రెండు నిమిషాలు పళ్ళు బిగబట్టి కూర్చుని మీట నొక్కాను. పదీ ఇరవై ఏడు. ముప్పై రెండు కలిపితే పదీ యాభై తొమ్మిది. పదహారు నిమిషాలు కాదు ఇప్పుడు మిగిలేది, ఒక్కటి.

లేచి ఫోన్ చెయ్యొచ్చు. ఫోన్ బయట అరలో ఉంది, లోపలికి తేకూడదు, దాని గురగుర కూడా కెమెరాకు వినబడుతుంది. లేస్తే ఈ సెట్టు కూడా పోతుంది, పోతే పదకొండులోగా ఇంకోటి అవదు. కొలవాలంటే నోరు మూసుకుని కూర్చోవాలి, నోరు తెరవాలంటే కొలత వదులుకోవాలి, ఏం గదిరా బాబూ ఇది. ఒకవేళ లేచి ఫోన్ చేశాననుకో, ఏం చెప్పను? అనుమానం అనా? పెద్దాయనకే దెబ్బ తగిలిందని తరవాత తేలితే? ఆ డాక్టరు దగ్గర తేదీ దొరకడానికి నాలుగు నెలలు పట్టింది, వదిన నాలుగు నెలలు రాత్రిళ్ళు మాత్రలు మింగి గోడకు తిరిగి పడుకుంది, మేమెవరం చూడటం లేదనుకుని. బల్ల మీదనుంచి దింపి ఇంటికి పంపించి, సారీ వదినా, గుంట నీది కాదు పెద్దాయనది అననా? నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. ఆలస్యం అమృతం విషం అన్నదీ వాళ్ళే, అవసరాన్ని బట్టి వాడుకోండి అని రెండూ వదిలిపోయారు, మహానుభావులు. సరే, నిజం చెప్పుకుందాం, ఇక్కడ వినడానికి పెద్దాయన తప్ప ఎవరూ లేరు. నన్ను కుర్చీకి కట్టేసింది వదిన తేదీ కాదు. నలభై సంతకాలు. తప్పు కొలిచానని పదకొండేళ్ళలో ఎవరూ అనలేదు నన్ను. అందరి తప్పులూ పట్టేది నేను, నా కింద పనిచేసే కుర్రాళ్ళ రిపోర్టులు ఎర్ర సిరాతో గీకి మొహాన కొట్టేది నేను, ఇంత చిన్న విషయం తెలియదా అని సూటిపోటి మాటలనేది నేను. ఇవాళ నేను వెళ్ళి నలుగురిలో నిలబడి పప్పులో కాలేశానని చెప్పాలి. ఆ సిగ్గుకు భయపడి వదినను బల్ల మీద పడుకోనిస్తున్నాను. ఛీ.

పంతొమ్మిది. ఇరవై. ఆ రోజు గుర్తు తెచ్చుకో. ఊరికే తిప్పాను తిప్పాను అనుకోవడం కాదు, ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకో, కుర్రాళ్ళను అడిగినట్టు నిన్ను నువ్వు అడుగు. వాన పడుతోంది. పడుతోంది, ఎందుకంటే గదిలో తేమ ఎక్కువైందని యంత్రం కూసింది, అది తగ్గేదాకా ఆగాను. ఎప్పటిదాకా? మేనేజరు గారు వచ్చేదాకా. ఆయన వచ్చింది నాలుగింటికి, టీ గ్లాసు చేతిలో ఉంది, అమ్మాయ్, పెట్టె నాలుగో రోజుకు బండెక్కాలి, రేపటినించి మూడు రోజుల్లో నలభై అయిపోవాలి అన్నారు. నేను అవుతాయి సార్ అన్నాను, ఆయన తొందర కంటే నా తొందర ఎక్కువ, వదిన ఆపరేషన్‌లోగా అందులోవి ఆరు ఆసుపత్రికి చేరాలని. తొందర పెట్టింది ఆయన కాదు, నేనే. సరే, నాలుగు. ఆ నున్నటి బంతిని పీట ఎక్కించాను, అంచు మీది గుర్తు పైకి ఉండేలా. మీట నొక్కాను. కూర్చున్నాను. అరవై నాలుగు షాట్లు, అప్పుడూ ముప్పై రెండు నిమిషాలే. ముప్పై మూడు. ముప్పై నాలుగు. తరవాత బయటికి వచ్చాను, ఎందుకు వచ్చాను? గది చల్లగా ఉంది, మంచినీళ్ళకు. అరలో ఫోన్ వెలుగుతోంది, వదినవి మూడు మిస్డ్ కాల్స్. చేశాను. ఎక్స్‌రే వాళ్ళు గేటు మూసేస్తున్నారే, నన్ను కుర్చీతో సహా వానలో పెట్టేట్టున్నారు, మీ అన్నయ్య మీటింగులో ఉన్నాడు, వస్తావా, ఈదుకుంటూ రానా అంది. నవ్వుతూ అంది. అప్పుడు టైమెంత?

ముప్పై ఎనిమిది. టైమెంత అప్పుడు? గేటు. ఆ గేటు దగ్గరకు నేను వెళ్ళేసరికి కాపలా అతను తాళం కప్ప చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, అమ్మా, అయిదు కొట్టింది, మీకోసమే ఆగాను అన్నాడు. అయిదు. ఇక్కడినుంచి అక్కడికి ఆటోలో ఇరవై అయిదు నిమిషాలు, అంతకన్నా తక్కువలో ఎప్పుడూ వెళ్ళలేదు, ఆ వానలో అసలు వెళ్ళలేను. అయిదులోంచి ఇరవై అయిదు తీసేస్తే నాలుగూ ముప్పై అయిదు. నాలుగింటికి మొదలుపెట్టి నాలుగూ ముప్పై అయిదుకు బయల్దేరినదాన్ని ఎన్ని వైపులు కొలిచి ఉంటాను? ఒక్కటి. నాలుగు వైపులకు మూడు గంటలు కావాలి. ఫోన్ పెట్టేసి లోపలికి ఒక్కసారి తొంగి చూశాను, ఇప్పుడు కళ్ళకు కట్టినట్టుంది, స్క్రీను మీద పచ్చటి టిక్కు, రిఫరెన్స్ పూర్తి. మెషీన్‌కు ఒక వైపైనా పూర్తే, నాలుగైనా పూర్తే, దానికేం తెలుసు. లాగ్‌బుక్‌లో గిలికాను. మిగతా మూడు వైపులూ రేపు పొద్దున్నే వచ్చి తీస్తాను అనుకున్నాను. అనుకున్నాను, ఇదీ గుర్తుంది, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అనుకున్నాను. ఆ సాయంత్రం ఎక్స్‌రే చూశాం, ఆ పెచ్చులూడిన ఎముక చూశాక రాత్రంతా కన్ను మూతపడలేదు, పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చి పచ్చటి టిక్కు చూసి నలభైలో మొదటిదాన్ని పీట ఎక్కించేశాను. తిప్పలేదు. నేను తిప్పలేదు. అరవై నాలుగు షాట్లు తీశానన్న ధీమా ఒకటి. ఒకే వైపు అరవై నాలుగు.

నలభై ఒకటో షాట్ పడుతోంది, నేను లేచాను. కుర్చీ కీచుమంది, స్క్రీను ఎర్రబడింది, పడనీ. తలుపు లాగి అరలోంచి ఫోన్ తీస్తుంటే చేతిలోంచి జారి కిందపడింది, మోకాళ్ళ మీద కూర్చునే నొక్కాను. పదీ నలభై ఎనిమిది. అన్నయ్య ఎత్తలేదు. ఎత్తు అన్నయ్యా, జీవితంలో ఒక్కసారి మొదటి రింగుకు ఎత్తు. రెండోసారి చేశాను, ఎత్తాడు.

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారే. నవ్వుతూనే వెళ్ళింది. ఆ నర్సుకి ఈల వెయ్యడం నేర్పిస్తానందిట."

"అన్నయ్యా, ఆపించు."

"ఏంటి?"

"ఆ బంతి పెట్టొద్దని చెప్పు. అది మంచిది కాదు."

"నువ్వేగా మంచిదన్నావు?"

"అన్నాను. తప్పు కొలిచాను."

అటునుంచి ఆసుపత్రి మైకులో ఎవరినో పిలుస్తున్నారు. మా అన్నయ్య నెమ్మదస్తుడు, ఇల్లు కాలుతోందన్నా ఏ గది అని అడిగే మనిషి. "ఖాయమా?" అన్నాడు. ఈ మాట నేను రోజుకు పదిసార్లు ఇంకొకరిని అడుగుతాను. బొమ్మ చూడలేదు, సెట్టు పూర్తి కాలేదు, గుంట ఎవరిదో తేల్చే అంకె నా దగ్గర ఒక్కటీ లేదు.

"కొలత అవలేదు. కానీ నాకు తెలుసు. నేను చెయ్యాల్సింది చెయ్యలేదు, ఆ రోజు మధ్యలో వదిలేసి వచ్చేశాను. పరిగెత్తు అన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను, పరిగెత్తు."

పరిగెత్తాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, బస్సు వెళ్ళిపోతున్నా పరిగెత్తని మనిషి, చెప్పుల చప్పుడు నా చెవిలో టపటపమంటోంది. ఎవరో ఆడమనిషి, లోపలికి రాకూడదండీ, ఆగండి, ఆగమంటుంటే అంటోంది. అన్నయ్య గొంతు ఎప్పుడూ విననంత పెద్దగా, డాక్టర్ గారూ, డాక్టర్ గారూ అని అరుస్తోంది. తలుపు కొట్టుకున్న చప్పుడు. తరవాత గీ అని ఒక యంత్రం మోత. కోత పెట్టేశారా? పెట్టేసి ఉంటే? వరండా నేల చల్లగా ఉంది. ఎవరో కుర్రాడు అటుగా పోతూ, మేడమ్, ఏమైంది అన్నాడు, చెయ్యి ఊపి పొమ్మన్నాను.

"ఎవరండీ మీరు?" డాక్టరు గొంతు. "ఇక్కడ పేషెంటు బల్ల మీద ఉంది. ఒక్క ముక్కలో చెప్పండి."

"ఆ బంతి కొలిచినదాన్ని నేనేనండీ. దాని మీద గట్టుంది, రెండున్నర మైక్రాన్లు. నా పొరపాటువల్ల కొలతలో తుడిచిపెట్టుకుపోయింది. కోత పెట్టారా?"

"మత్తిచ్చాం. కత్తి ఇంకా పట్టుకోలేదు." ఆయన ఎవరితోనో ఏదో అన్నారు, ఇనప పళ్ళెం చప్పుడైంది. "సరే. నేను మొదట చెప్పిన కంపెనీ సెట్టు స్టోర్లో ఉంది, అది వేస్తాను. మీరు రాతపూర్వకంగా పంపండి, ఇప్పుడే."

పంపుతానండీ అన్నాను, అన్నానో లేదో తెలియదు, ఏడుపొచ్చేసింది. వరండాలో గోడకానుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను, వదిన బతికిపోయింది, వదిన పరిగెడుతుంది, వదిన నన్ను తిడుతుంది, కడుపునిండా తిట్టించుకుంటాను. ఉద్యోగం పోతే పోనీ. మేనేజరు గారికి నేనే వెళ్ళి చెబుతాను, ఆ కుర్రాళ్ళందరినీ పిలిచి చెబుతాను.

"ఒక్క నిమిషం, పెట్టకండి," అన్నారు డాక్టరు. గొంతు మారింది. "ఈ ఒక్క బంతేనా, అన్నీనా?"

"అన్నీనండీ. నలభై."

గంటసేపు నేను నలభై అంటే నలభై సంతకాలనుకున్నాను. నలభై తుంటి కీళ్ళు అనుకోలేదు. ఒక్కసారి కూడా అనుకోలేదు, వదిన తప్ప ఎవరూ గుర్తుకు రాలేదు నాకు.

"సోమవారం ఒకాయనకి వేశాను. మీ పెట్టెలోదే. బస్సు డ్రైవరు. ఆయనకెవరు చెబుతారు, మీరా, నేనా?"

"నేనే చెబుతానండీ. ఇప్పుడే బయల్దేరుతున్నాను. ఏ గదిలో ఉంటారు?"

"రెండో అంతస్తు. గది నంబరు అక్కర్లేదమ్మా, వరండాలోనే ఉంటాడు. వాకరు పట్టుకుని నిన్న పన్నెండు అడుగులు వేశాడు. ఇవాళ ఇరవై వేస్తానని పొద్దున్నించీ కనబడినవాళ్ళందరికీ చెబుతున్నాడు."